వార్తల్లో పదం: స్పాస్మోడిక్ డిస్ఫోనియా

2025లో అమెరికా ఆరోగ్య మంత్రి అయిన రాబర్ట్ ఎఫ్. కెనడీ జూనియర్ మాట వినగానే, గొంతు పాడైందేమో అనిపిస్తుంది. నలభైల్లో మొదలైన ఈ ఇబ్బంది పేరే స్పాస్మోడిక్ డిస్ఫోనియా. లోపం గొంతులో కాదు, మెదడులో ఉంది. మాట్లాడేటప్పుడు స్వరతంత్రుల కండరాలకు తప్పుడు సంకేతాలు అందుతాయి. తంత్రులు హఠాత్తుగా బిగుసుకుంటే మాట పీక నొక్కినట్టు తెగుతూ వస్తుంది. అరుదైన మరో రకంలో అవి విడిపోయి గాలే ఎక్కువగా వస్తుంది. విచిత్రమేమిటంటే, నవ్వినా గుసగుసలాడినా చాలామందిలో ఆ తడబాటు ఉండదు. అందుకే ఒకప్పుడు ‘మానసికం’ అని కొట్టిపారేశారు. ఎంత అన్యాయం!

పూర్తిగా నయం చేసే మందు లేదు. ముఖం ముడతలకు వాడే బొటాక్స్‌నే గొంతు కండరంలోకి ఎక్కిస్తే సుమారు మూడు నాలుగు నెలలు ఉపశమనం. స్పీచ్ థెరపీ ఒక్కటే దీన్ని పోగొట్టలేదు; ఊపిరిని సర్దుకోవడం, గొంతుపై అదనపు ఒత్తిడి తగ్గించుకోవడం నేర్పుతుంది. అదే, అరిచి అరిచి టీచర్ల స్వరతంత్రులపై లేచే బుడిపెలకైతే సాధారణంగా థెరపీయే తొలి చికిత్స. కండరాలు బిగబట్టి మాట్లాడే అలవాటుతో వచ్చే బొంగురుకూ అంతే. ఈ చివరిదీ, స్పాస్మోడిక్ డిస్ఫోనియా రెండూ చెవికి ఒకేలా వినిపించి డాక్టర్లనే తికమక పెడతాయి. గొంతులోకి కెమెరా పంపి ఈఎన్‌టీ డాక్టరు, మాట తీరు విని స్పీచ్ థెరపిస్టు కలిసి తేల్చాల్సిందే.