ఆరు క్యూసెక్కుల మిసిసిపీ

మినియాపొలిస్‌లో పధ్నాలుగేళ్ళుగా ఉంటున్నాం. రోజూ ఆఫీసుకి వెళ్తూ మిసిసిపీ వంతెన దాటతాను. ఆ నది ఎక్కడ పుట్టిందో చూడాలని ఒక్కసారీ అనిపించలేదు. కిందటి జులైలో నాన్న వచ్చాక గాని ఆ ప్రయాణం కుదరలేదు.

నాన్న కోనసీమ కాలవల మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం రాసుకోవడం, ముప్ఫై మూడేళ్ళు అదే పని. అమ్మ పోయాక మా దగ్గరికి రావడం ఇదే మొదలు. మాల్స్ చూపిస్తే మొహమాటానికి తలూపారు. ఊళ్ళోని సెయింట్ ఆంథనీ జలపాతం దగ్గర మాత్రం గంటసేపు కదల్లేదు. మిసిసిపీ మొత్తం మీద చెప్పుకోదగ్గ జలపాతం అదొక్కటే. పక్కనే పడవల కోసం కట్టిన లాకు ఉంది. బయటి జాతి కార్ప్ చేపలు ఎగువకు పాకకుండా 2015లో దాన్ని మూసేశారు.

"మన లాకులకీ ఇప్పుడు పడవలు రావట్లేదులే," అన్నారు నాన్న. కాసేపాగి, "ఇంతకీ ఇది ఎక్కడ పుట్టిందిరా?" అని అడిగారు.

ఆ శనివారమే బయల్దేరాం. ఉత్తరంగా దాదాపు నాలుగు గంటల డ్రైవు. ఇటాస్కా సరస్సు చుట్టూ ఎత్తయిన పైన్ చెట్లు. ఆ అడవిని 1891లోనే స్టేట్ పార్కు చేశారు. 1832లో స్కూల్‌క్రాఫ్ట్ అనే అన్వేషకుడు ఇదే నదీమూలమని లోకానికి చెప్పాడు. అతనికి దారి చూపింది ఓజావిందిబ్ అనే ఓజిబ్వే నాయకుడు. మిసిసిపీ అన్న మాటా ఓజిబ్వేల భాషదే, పెద్ద నది అని అర్థం.

ఆ పెద్ద నది సరస్సు అంచున వరసగా ఉన్న రాళ్ళ మధ్య నుంచి జారుతోంది. వెడల్పు ఇరవై, ముప్ఫై అడుగులు. లోతు మోకాలి బంటి. సగటు ప్రవాహం 6 క్యూసెక్కులని చెప్పాను. నాన్న నవ్వారు. "మన పిల్లకాలవ నయంరా!" 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల వరద పోవడం చూసిన మనిషి మరి.

వంగి చూసి, "ఈ రాళ్ళు ఎవరో పేర్చినవి," అన్నారు. నిజమే. 1930లలో ఇక్కడి బురదనేలను సరిచేసి పేర్చినవే. అందరూ రాళ్ళ మీంచి నడుస్తుంటే, నాన్న పంచె పైకి కట్టి మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నీళ్ళలోంచే అవతలికి దాటారు.

సముద్రమట్టానికి 1,475 అడుగుల ఎత్తున మొదలయ్యే ఈ నది చేరాల్సిన సముద్రం దక్షిణాన ఉంది. కానీ ముందు ఉత్తరంగా బెమిడ్జి వైపు పోతుంది. అక్కడ తూర్పుకి మళ్ళి, ఆ తరవాతే దక్షిణం పడుతుంది. మినియాపొలిస్ చేరేసరికి సుమారు 12 వేల క్యూసెక్కులు. సెయింట్ లూయిస్‌కి ఎగువన మిస్సోరీ, కైరో దగ్గర ఒహాయో వచ్చి కలుస్తాయి. న్యూ ఆర్లీన్స్ దగ్గర సుమారు 6 లక్షలు. మొత్తం ప్రయాణం దాదాపు 2,340 మైళ్ళు.

గోదారీ అంతే. అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలో త్రయంబకం దగ్గర పుట్టి, 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది.

"దగ్గర సముద్రం వదిలేసి అంత దూరం ఎందుకు తాతయ్యా?" అంది మా అమ్మాయి.

"పల్లం ఎటుంటే నీళ్ళు అటే పోతాయమ్మా."

ఆ మాట నాకు తగిలింది. ఇక్కడే ఉండిపొమ్మని అడగాలని దారంతా అనుకున్నాను. అడగలేదు.

తిరుగుదారిలో నాన్నే అన్నారు: "ఉద్యోగమంతా గోదారి తోక పట్టుకునే చేశాను. తల ఎలా ఉంటుందో చూడలేదురా."

ఇటాస్కాలో బయల్దేరిన నీటిబొట్టు సముద్రం చేరడానికి 90 రోజులు పడుతుందంటారు. మా అమ్మాయి క్యాలెండర్లో ఆ రోజుకి గుర్తు పెట్టుకుంది. అక్టోబరులో తాతయ్యకి ఫోన్ చేసి, "మనం దాటిన నీళ్ళు ఇవాళ సముద్రంలో కలిశాయి!" అంది.

"మరి త్రయంబకం నీళ్ళు మా లాకు దాకా రావడానికి ఎన్నాళ్ళే?" అని అడిగారు ఆయన.

డిసెంబరుకి నాసిక్ టికెట్లు తీశాను. నలుగురికి.