గోడలో దాగిన 230 వోల్టులు

గోడకు పటం తగిలించాలని బ్యాటరీ డ్రిల్లు చేతబట్టారా? ఇందులో ఉన్నది 18 వోల్టులేగా, షాకు కొట్టదులే అనుకుంటాం. కాని ప్రమాదం గోడలో ఉంది! స్విచ్చిబోర్డు నుండి నిటారుగానూ, అడ్డంగానూ గొట్టాలలో 230 వోల్టుల తీగలు పోతుంటాయి. బిట్టు తీగను తాకిందా, కరెంటు డ్రిల్లు ముందున్న లోహపు చక్కులోకి వస్తుంది. కనుక ఆ వరుసలలో రంధ్రం వేయకండి. పగటిపూట, పెద్దవాళ్ళు పక్కనుండగా, మెయిన్ స్విచ్చి కట్టేయండి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ. బ్యాటరీ డ్రిల్లు అప్పుడూ తిరుగుతుంది. దాని అసలు సుగుణం అదే!

మీటను ఇంపాక్టుకు తిప్పితే లోపల రెండు పళ్ళచక్రాలు ఒకదానిపై ఒకటి ఎగిరెగిరి జారుతూ, బిట్టును నిమిషానికి వేలసార్లు సుత్తిలా కొడతాయి. ఇటుకపొడి చిమ్ముతుంది. రక్షణ కళ్ళద్దాలు మరిచి నేను రెండురోజులు కన్ను నలుపుకున్నాను. బిట్టు మార్చేముందు బ్యాటరీ ఊడదీయండి.