మొక్కజొన్న చేనిలో దెయ్యములు

నేను పిరికివాడను. ఈ మాటను నలువది యేండ్లుగా మా యూరివారికి తెలియనీయక దాచుకొంటిని. ఒక వింత యనుభవము మూలమున ఇక దాచవలసిన పని లేదని తోచి, ఈ పత్రికాముఖమున ఒప్పుకొనుచున్నాను.

మాది వరంగల్లు ప్రాంతమున అడవి యంచున నున్న పల్లె. మొక్కజొన్న కంకి పాలుపట్టు దినములలో అడవిపందుల కావలికై మంచెమీద రాత్రులు గడుపుట మాకు తప్పని పని. బాల్యమున మా బాపు నన్ను వెంటబెట్టుకొని పోవుచుండెను. ఆయన డబ్బా వాయించి, నాలుగు కేకలు వేసి, నడుమ నడుమ కునుకు తీయుచుండెడివాడు. నాకు మాత్రము నిద్ర వచ్చెడిది కాదు. ఎండుటాకు గలగలలాడినను కొరివిదెయ్యమే వచ్చినదని గొంగడి తలమీదికి లాగుకొనువాడను. మేమే మా చేతులతో పాతిన దిష్టిబొమ్మ వెన్నెలలో నా దిక్కే చూచుచున్నట్లుండెడిది. పెద్దవాడనైన పిదపను రాత్రివేళ మోటారు పెట్టబోవలసి వచ్చిన, ఏదో యొక నెపమున తెల్లవారువరకు జరుపుచుంటిని.

అట్టి నేను రూకలిచ్చి దెయ్యములను చూడబోతినన్నచో మీరు నవ్వకుందురా?

మా అమ్మాయి కాపురము అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున. ఆమె పిలువగా శరదృతువులో అచటికి పోతిని. అక్టోబరు 31వ తేదీన వారికి హాలోవీన్ అను పండుగ గలదు. పూర్వము ఐర్లాండు, స్కాట్లాండు దేశములవారు పంటలు ముగిసి చలికాలము ప్రవేశించు ఆ రాత్రి మృతుల ఆత్మలు ఇండ్లకు వచ్చునని నమ్మి, దుంపలను తొలిచి అందు దీపము పెట్టెడివారు. 19వ శతాబ్దమున ఐరిష్ జనులు వేలకు వేలు అమెరికాకు వలసపోయి, అచట దుంపకు బదులు గుమ్మడికాయను చేకొనిరి. మనకును పెత్రమాసనాడు పెద్దలను తలచుకొనుట గలదు గదా! ఆనాడే మన ఆడుపడుచులు తొలి బతుకమ్మను పేర్తురు. అందు గుమ్మడిపూవునకు పెద్దపీట. మనము పూవును పేర్చు దినములకును, వారు కాయలో దీపము వెలిగించు దినములకును ఎక్కువ యంతరము లేదు. కోతలవేళ మృతులను తలచుకొనుట సేద్యగాండ్ర కందరకును సామాన్యమే కాబోలునని నాకు తోచినది.

పండుగకు ముందు ఒక శనివారము సాయంకాలము అమ్మాయియు, పదేండ్ల మనుమడును నన్నొక పొలమునకు గొనిపోయిరి. పగటివేళ అది చూడముచ్చటయైన స్థలము. గుమ్మడికాయలు చేనినిండ పడియుండ, పిల్లలు తమకు నచ్చినదానిని తామే యేరుకొనుచుండిరి. గడ్డిమోపులమీద జనమును కూర్చుండబెట్టుకొని ట్రాక్టరు బండి తిరుగుచుండెను. ప్రొద్దుగ్రుంకిన పిదప మొక్కజొన్న చేనికి ద్వారము తెరచిరి. మనిషికి టిక్కెట్టు మన లెక్కలో మూడువేల రూపాయలకు పైమాట! నేను వెలుపలనే యుందునంటిని. మనుమడు నా చేయి పట్టుకొని, "తాతా, బుగులు వడకు. వాళ్ళు మనలను ముట్టుకోరు. అది వాళ్ళ కట్టుబాటు" అనెను.

చేను నిలువెత్తు మీరియున్నది. నిలువునను అడ్డమునను విత్తుటచే సందు లేక దట్టముగా పెరిగినది. మొక్కలు మోకాలెత్తున నున్నప్పుడే నడుమ బాటలు కోసి, త్రోవ తెలియని చిక్కుగా తీర్చిరట. మేము పది బారలు పోవుసరికి వెనుక ద్వారము కనబడలేదు. ఎండిన యాకుల గలగల చెవిని పడగానే నాకు చిన్ననాటి మంచె జ్ఞప్తికి వచ్చి అరచేతులు చెమర్చినవి. యంత్రముతో పుట్టించిన పొగమంచు నేలబారున ప్రాకుచుండెను. ఒక మలుపున మూడు దిష్టిబొమ్మలు నిలిచియుండెను. మొదటిది కదలలేదు. రెండవది కదలలేదు. గుండె కుదుటపరచుకొని మూడవదాని ప్రక్కగా నడచునంతలో, అది మెడ త్రిప్పి నన్ను చూచెను!

నేను "ఓరి నాయనో" యని యరచిన యరపు చేనంతయు వినబడినదని మా అమ్మాయి నేటికిని చెప్పుచుండును. అంతలో చెట్లు కోయు మోటారు రంపమును మ్రోగించుచు ముసుగుమనిషి యొకడు చేనిలోనుండి దూకెను. నేను మనుమని చేయి విడిచి పరుగెత్తితిని. ఒక చెప్పు జారిపోయినది. త్రోవ తప్పినది. నలుదెసల మొక్కజొన్న తప్ప మరేమియు లేదు.

అప్పుడు తల పైకెత్తి చూడగా, కొంత దూరమున నాలుగు స్తంభములమీద పలకలు పరచిన యెత్తైన కట్టడమొకటి కనబడెను. దానిమీద పసుపుపచ్చ చొక్కా తొడిగిన పిల్లవాడొకడు కూర్చుండి, చేతిదీపము నావైపు త్రిప్పి, ఎడమకు పొమ్మని సైగ చేసెను. అది మన మంచెయే! అట్టివి ఆ చేనిలో నాలుగు గలవు. త్రోవ తప్పినవారిని, తల తిరిగి పడినవారిని కనిపెట్టుటయే అందలి వారి పని. ఆ దీపము చూచిన క్షణముననే నా భయము సగము తీరినది. మనుమడు పరుగున వచ్చి మరల చేయి పట్టుకొనెను. తరువాత ఎదురైన దెయ్యములకు నేను అరచితిని గాని, ఆ యరపులో నవ్వు కలిసినది. పై నొకడు చూచుచున్నాడని, ప్రక్క నొకడున్నాడని తెలిసిన పిమ్మట భయము వేడుక యగునని ఆనాడు గ్రహించితిని.

వెలుపలికి వచ్చిన పిదప ఆ పొలము యజమానిని మా అమ్మాయి ద్వారా మాటలాడించితిని. ఆయన రంపమును తెచ్చి చూపెను. పండ్లుగల గొలుసును తీసివేసిరి; మిగిలినది మ్రోత మాత్రమే. తలత్రిప్పిన దిష్టిబొమ్మ ప్రక్క యూరి కళాశాల విద్యార్థి. పండుగ ముగిసిన వెనుక కంకులను యంత్రముతో కోసి పశువుల దాణాకు వాడుదురట. ఒక్క పంట రెండు విధముల ఫలించుచున్నది!

ఈ మొక్కజొన్న చిక్కుబాటల వాడుక చాల ప్రాతది కాదు. 1993లో పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆన్‌విల్ అను చోట దీనిని తొలుదొల్త పెద్దయెత్తున నిర్మించిరి. దాని యాదాయమును ఆ యేటి వరదలలో నష్టపడిన రైతుల సహాయమునకు వినియోగించిరి. కాలిఫోర్నియాలో వాల్టర్ నాట్ అను రైతు పండ్లతోటగా ప్రారంభించిన స్థలము వినోదవనమై, 1973నుండి అక్టోబరు రాత్రులలో దెయ్యముల ప్రదర్శనకు పేరొందినది. 2022 వ్యవసాయ గణన ప్రకారము ఆ దేశమున సుమారు 28,600 పొలములు సందర్శకుల వినోదముద్వారా 126 కోట్ల డాలర్లు ఆర్జించినవి. అయినను మొత్తము పొలములు 19 లక్షలు. నూటికి రెండింటికైనను ఈ యాదాయము లేదని గమనింపవలెను.

మరియొక సంగతి. అచటి జాగ్రత్తలు ఊరక పుట్టినవి కావు. 1984 మే 11న న్యూజెర్సీలోని యొక వినోదవనమున దెయ్యాలకోట కాలిపోయి ఎనిమిదిమంది బాలబాలికలు మరణించిరి. అటుపిమ్మట ఇట్టి కట్టడములలో పొగను పసిగట్టు యంత్రములు, నీరు చిమ్ము గొట్టములు, వెలుపలి త్రోవలు ఉండవలెనను నియమములు బిగిసినవి. 2014 అక్టోబరున మెయిన్ రాష్ట్రపు పొలమొకదానిలో గడ్డిబండి అదుపు తప్పి, పదునేడేండ్ల బాలిక ప్రాణము కోల్పోయెను. దొంగభయమును అమ్ముకొనువారు నిజమైన అపాయమును మరచిన ఫలమిది.

తిరిగి మా యూరికి వచ్చి మా మొక్కజొన్న చేనిగట్టున నిలిచినప్పుడు నా మనస్సునకు కష్టము తోచినది. అచట భయము బూటకము, కావలి నిజము. ఇచట భయము నిజము, కావలి లేదు. చేని చీకటిలో మనకు ఎదురగునది ముసుగుమనిషి కాదు; నాగుపాము, కట్లపాము, రక్తపింజరి. 2000నుండి 2019వరకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు లెక్కగట్టిరి. వారిలో ఎక్కువమంది పల్లెవాసులు. అంతకు మించిన దెయ్యము మన చేతులతో మనమే కట్టుచున్నది: అడవిపందులకని చేనిచుట్టు బిగించు కరెంటుతీగ. దానికి పంది తెలియదు, పొరుగువాడు తెలియడు, కట్టినవాడును తెలియడు. విద్యుత్తుతో అడవిజంతువులను చంపుట 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము నేరము కూడ.

కనుక సభ్యులకు నా మనవి. మొదటిది, రాత్రి చేనికి పోవువారు ఒంటరిగా పోరాదు. పొరుగు రైతులిద్దరు వంతు కలుపుకొనవలెను. చేతిదీపము, కర్ర, కాలికి బూట్లు తప్పనిసరి. రెండవది, తిన్నగా కరెంటు తీసి తీగకు కలుపుట మానవలెను. సౌరశక్తితో పనిచేయు కంచె వేరు. ప్రమాణములకు సరిపడు యంత్రము క్షణమునకొకమారు కొద్దిపాటి తాకుడు మాత్రమిచ్చి జంతువును బెదరించును. ఒక్కనికి దాని వెల భారమగునేని, గట్లు కలిసిన పదిమంది సంఘముద్వారా కూడి కొనవచ్చును. మూడవది, పాము కరచినచో గాటు పెట్టక, కట్టు బిగింపక, మంత్రగాని యింటికి పోక, కరచిన అవయవమును కదలనీయక తిన్నగా ఆసుపత్రికి చేర్పవలెను. విషమునకు విరుగుడు సూదిమందు అచటనే యున్నది.

ఈ యాసంగిలో మంచె యెక్కు తొలిరాత్రి నేను ప్రక్క చేని రైతును పిలిచితిని. "ఎందుకన్నా?" అని యాతడడిగెను. "నాకు బుగులు" అంటిని. ఆతడు నవ్వునని తలచితిని; నవ్వలేదు. కొంతసేపటికి మెల్లగా, "నాకును అంతే" అనెను. ఇరువురము తెల్లవారువరకు డబ్బా వాయించుచు ముచ్చటలాడుకొంటిమి. జంటకావలి సంగతిని రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రస్తావింపబూనితిని. నన్ను పిరికివాడని నవ్వువారు నవ్వుదురు గాక. వంతుల పట్టికలో వారి పేరుకూడ వ్రాయించి పోయిన చాలును.