చెఱువు – ఒక పదచరిత్ర

వర్షపాతం స్వల్పమైన నందికొట్కూరు వంటి సీమలో చెరువు జీవనాధారం. ఏ చెరువుకట్ట కంటెనూ ప్రాచీనమైనది 'చెరువు' అనే పదం. కడప మండలంలోని కలమళ్ల శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిది. అంతకు ముందరి తెలుగుకు లిఖితరూపమైన వాక్యాలు లభించలేదు. అట్టి కాలపు పదాన్ని తెలుసుకొనడం ఎట్లా? సోదరభాషలను పోల్చి చూడడమే మార్గం.

చెరువును కన్నడిగులు 'కెరె' అంటారు. కర్ణాటకలోని అరసికెరె పేరులో ఉన్నది ఈ మాటయే. మలయాళంలో 'చిఱ' అంటే కట్ట, చెరువు. తమిళంలో 'చిఱై' అనే పదానికి ఆనకట్ట, జలాశయం, కారాగారం అనే అర్థాలున్నాయి. మన పూర్వరూపం 'చెఱువు', హళగన్నడ రూపం 'కెఱె'. అన్నింటా శకటరేఫమే కనిపిస్తున్నది.

మరి తొలి అక్షరం 'చ'యా, 'క'యా? తెలుగు, తమిళాలలో 'చెవి' అనే పదం తుళువులో 'కెబి', కన్నడంలో 'కివి' అయింది. ఇకార ఎకారాలకు ముందున్న కకారం తెలుగు, తమిళ, మలయాళాలలో చకారంగా మారింది. దీనినే తాలవ్యీకరణం అంటారు. కన్నడ, తుళు భాషలు కకారాన్నే నిలుపుకొన్నాయి. కాబట్టి మూలరూపం '*కెఱ-' వంటిదని భాషావేత్తలు నిర్ణయించారు. ఇది ఏ శాసనంలోను లేదు, ఊహించిన రూపం. ముందున్న నక్షత్రపు గుర్తుకు అర్థం అదే. ఇటువంటి జ్ఞాతిపదాలను సేకరించి బరో, ఎమెనో పండితులు 1961లో ద్రావిడ వ్యుత్పత్తి కోశాన్ని ప్రకటించారు.

ఈ మూలానికి 'అడ్డగించు, నిర్బంధించు' అని అర్థం. మనుష్యుని నిర్బంధించేది చెఱ, నీటిని నిర్బంధించేది చెఱువు. పారిపోయే వాననీటిని కట్టవేసి నిలిపిన పూర్వుల ఆలోచన ఆ పేరులోనే ఇమిడి ఉంది.

కడప మండలంలోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు నిర్మింపజేశాడు. వేయిమంది కూలీలు రెండేళ్లు శ్రమించారని 1369 నాటి శాసనం తెలుపుతున్నది. ఆ శాసనభాష సంస్కృతం. సంస్కృతంలో చెరువుకు తటాకం మొదలైన పేర్లున్నా, ప్రజల నాలుకపై నిలిచినది దేశ్యమైన చెరువే.

నేడు మనం శకటరేఫాన్ని విడిచి 'చెరువు' అనే వ్రాస్తున్నాం. వ్యవహారంలో అది దోషం కాదు. అయినా ఆ పదాన్ని దాని బంధువులతో కలిపే ఆనవాలు శకటరేఫమే. పాత నిఘంటువులో అది కనిపించినప్పుడు వృథాక్షరమని తలచరాదు.