మూత్రపు గొట్టమూ, నీటిలో మెరుపూ

ఆపరేషన్ తర్వాత కొందరికి మూత్రపు గొట్టం, అంటే కాథెటర్, కొన్ని రోజులు ఉంచవలసి వస్తుంది. "కొత్త గొట్టమే కదా డాక్టరుగారూ, ఇన్ఫెక్షన్ ఎందుకు వస్తుంది?" అని బంధువులు అడుగుతుంటారు. జవాబు గొట్టం పైపొరలో ఉంది.

ఈ గొట్టాలను ఎక్కువగా సిలికాన్, లేటెక్స్ వంటి పాలిమర్లతో చేస్తారు. సిలికాన్ మీద నీరు తామరాకు మీదలాగే బొట్టు కడుతుంది, పరుచుకోదు. అలాంటి పైపొరకు ఒంట్లోని మాంసకృత్తులు తేలికగా అంటుకుంటాయి. వాటిని ఆనుకుని సూక్ష్మజీవులు చేరి జిగురు పొర అల్లుకుంటాయి. దీన్ని బయోఫిల్మ్ అంటారు. అందులో దాగిన క్రిములపై మందులు సరిగా పనిచేయవు.

పైపొరను మార్చే మార్గాల్లో ప్లాస్మా ఒకటి. ఇది రక్తంలోని ప్లాస్మా కాదు. వాయువులో విద్యుత్తు పారి, అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన స్థితి ఇది. మెరుపులోనూ, వెలిగే ట్యూబ్‌లైటులోనూ ఉండేది ఇదే. 1928లో అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దీనికి ఆ పేరు పెట్టారు. ల్యాబుల్లో కణాలను పెంచే ప్లాస్టిక్ గిన్నెలకూ, కొన్ని కాంటాక్టు లెన్సులకూ ఈ పద్ధతి వాడుతున్నారు.

సాధారణంగా దీనికి గాలి తీసేసిన పెట్టె కావాలి. ద్రవంలోనే ప్లాస్మా పుట్టిస్తే ఆ అవసరం ఉండదు. నీటిలో రెండు ఎలక్ట్రోడ్లు ఉంచి, క్షణంలో అతి చిన్న భాగంపాటు ఎక్కువ వోల్టేజి ఇస్తారు. బుడగలు పుట్టి, వాటిలో చిన్న మెరుపులు వస్తాయి. నీటి అణువులు విడిపోయి హైడ్రాక్సిల్ రాడికల్స్ ఏర్పడతాయి. ఇవి ప్లాస్టిక్ పైపొరకు ఆక్సిజన్ గుంపులను చేరుస్తాయి. అప్పుడు నీరు దానిపై పరుచుకుంటుంది, మందుల పూత కూడా బాగా పట్టుకుంటుంది. మార్పు పైపైనే, లోపలి బలం తగ్గదు.

అయితే సిలికాన్ పైపొర కొన్నాళ్లకు మళ్లీ పాత గుణానికి వస్తుంది. అందుకే పరిశోధనలు సాగుతున్నాయి.

ఎంత మంచి గొట్టమైనా మీ జాగ్రత్తకు సాటి రాదు. గొట్టం ఉన్న ప్రతి రోజూ మూత్రంలో క్రిములు చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం. కాబట్టి:

• ముట్టుకునే ముందూ, తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోండి.
• సంచిని నడుము కంటే కిందుగా ఉంచండి, నేలకు తగలనివ్వకండి.
• గొట్టాన్ని సంచి నుంచి విడదీయకండి.
• జ్వరం, చలి, పొత్తికడుపు నొప్పి వచ్చినా, మూత్రం ఆగినా వెంటనే చెప్పండి.

"ఇంకా ఎన్ని రోజులు ఉంచాలి?" అని రోజూ అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.