బ్రిటన్ పాటల బజారు

బ్రిటన్‌లో నేటికీ అత్యధికంగా అమ్ముడైన సింగిల్, ఎల్టన్ జాన్ యువరాణి డయానా కోసం పాడిన 'క్యాండిల్ ఇన్ ది విండ్ 1997'. దాదాపు 49 లక్షల కాపీలు! అసలు పాట 1973 నాటిది, మార్లిన్ మన్రో మీద రాసింది. డయానా పోయాక రచయిత బెర్నీ టౌపిన్ మాటలు మార్చి ఇచ్చాడు. 1997 సెప్టెంబరు 6న అంత్యక్రియల్లో పాడి, ఎల్టన్ నేరుగా స్టూడియోకి వెళ్లి రికార్డు చేశాడు. వారం తిరిగేసరికి దుకాణాల్లో ఉంది. మొదటి రోజే ఆరున్నర లక్షలు పోయాయి. ఆ మార్చిన పాటను ఆయన మళ్లీ సభలో పాడలేదు.

పాట బాగుండటం వేరు, జనం దుకాణానికి పరుగెత్తడం వేరు. రెండో స్థానమూ అదే చెబుతుంది. ఇథియోపియా కరవు కోసం బాబ్ గెల్డాఫ్, మిజ్ యూర్ తారలను పోగేసి 1984 నవంబరు 25న లండన్‌లో పాడించిన 'డూ దే నో ఇట్స్ క్రిస్మస్' అది. బాయ్ జార్జ్ అయితే న్యూయార్క్ నుంచి కాంకార్డ్ విమానంలో వచ్చి పాడాడు. ఆ గుంపులో జార్జ్ మైకేల్ కూడా ఉన్నాడు. చిత్రమేమిటంటే, అతని 'లాస్ట్ క్రిస్మస్'ను ఆ ఏడాది రెండో స్థానంలో ఆపేసింది ఈ పాటే. 'లాస్ట్ క్రిస్మస్' మొదటి స్థానానికి చేరింది 2021 జనవరి 1న. అప్పటికి అతను పోయి నాలుగేళ్లు.

'బొహీమియన్ రాప్సడీ' 1975 చివర్లో మొదలుపెట్టి తొమ్మిది వారాలు అగ్రస్థానంలో ఉంది. 1991లో దాని గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మరణించాక మళ్లీ అక్కడికే ఎక్కింది. ఈ ఫ్రెడ్డీ పార్శీల బిడ్డ, అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. చదువు మన పంచగనిలో.

బ్రిటన్‌లో మొదటి అమ్మకాల పట్టిక వచ్చింది 1952 నవంబరు 14న, న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో. పర్సీ డికిన్స్ అనే ఆయన ఓ ఇరవై దుకాణాలకు ఫోన్ చేసి లెక్క కట్టాడు. పేరుకి 'టాప్ 12'. సమాన స్థానాలు పడటంతో తేలినవి 15 రికార్డులు!

బీటిల్స్ 1963లో 'షీ లవ్స్ యూ'తో నెలకొల్పిన అమ్మకాల రికార్డు పద్నాలుగేళ్లు నిలిచింది. బద్దలు కొట్టింది కూడా బీటిలే: పాల్ మెకార్ట్నీ, వింగ్స్ బృందంతో. స్కాట్లండ్‌లో తనకు పొలమున్న చోటు మీద కట్టి, స్థానిక బ్యాగ్‌పైపుల వాళ్లతో వాయింపజేసిన 'మల్ ఆఫ్ కింటైర్' బ్రిటన్‌లో 20 లక్షలు దాటిన తొలి సింగిల్. అమెరికా మాత్రం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

అరవైల్లో బాగా అమ్ముడైన మొదటి అయిదింటిలో నాలుగు బీటిల్స్‌వే. మిగిలిన ఒక్కటీ ఏ రాక్ బృందానిదో అనుకునేరు! కెన్ డాడ్ అనే హాస్యగాడిది, పేరు 'టియర్స్'.

1967లో బీటిల్స్ 'పెన్నీ లేన్'ను మొదటి స్థానానికి రానివ్వని 'రిలీజ్ మీ' గాయకుడు ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్. ఆయన పుట్టింది మద్రాసులో, 1936లో.