కథల బజారులో రెండు రోజులు

ఒంటెల బిడారులు ఊళ్లోకి వచ్చేవి. వర్తకులు సరుకు దించి, సరాయిలో నడుం వాల్చి, కథలు వినేవారు. కథలు చెప్పడమే బతుకుతెరువైనవాళ్లు అక్కడ ఉండేవారు మరి! అందుకే ఆ వీధి కిస్సా ఖ్వానీ బజారైంది. ఆ ఊరు పాకిస్థాన్‌లోని పెషావర్.

పఠాన్ల నగరమనగానే చాలామందికి తుపాకులూ తలపాగాలే గుర్తొస్తాయి. అక్కడేముందో చూడటానికి రెండు రోజులు చాలు. ఖైబర్ కనుమ కూడా చుట్టేద్దామనుకుంటే మాత్రం ఏదీ సరిగా చూడలేరు. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి చలికాలమే మేలు.

మొదటి ఉదయం మ్యూజియానికి. 1907 నాటి ఆ భవనం నిండా గాంధార శిల్పాలే. ఉంగరాల జుట్టు, మడతలు పడ్డ వస్త్రంతో బుద్ధుడు గ్రీకు దేవుడిలా కనిపిస్తాడు. అమరావతి తెల్లరాయికి అలవాటుపడ్డ మన కళ్లకు ఆ బూడిదరంగు రాయి కొత్తగా ఉంటుంది. కనిష్కుడి పురుషపురం ఇదే. ఊరి పక్క స్తూపంలో దొరికిన ధాతు పేటికను చూడకుండా రావద్దు.

మధ్యాహ్నం నుంచి పాత ఊరు. ఇక్కడ కాళ్లకే పని. సేఠీల వీధిలో బుఖారా దాకా వ్యాపారం చేసిన కుటుంబాల ఇళ్లున్నాయి. చెక్క నగిషీలు, రంగు అద్దాలు... ఒక్క ఇంటికే గంట పడుతుంది. గల్లీల్లో వినిపించేదంతా పష్తో అనుకునేరు! పాతకాపులు మాట్లాడేది హింద్కో. దిలీప్‌కుమార్ ఇంటి భాషా అదే. మన 'రాముడు భీముడు'ను హిందీలో 'రామ్ ఔర్ శ్యామ్'గా చేసిన ఆ హీరో 1922లో పుట్టింది ఈ గల్లీల్లోనే. రాజ్‌కపూర్ పుట్టిన హవేలీ కూడా దగ్గర్లోనే ఉంది. దాని పై అంతస్తులు ఎప్పుడో పోయాయి. రెండిళ్లనూ కొని కాపాడాలని అక్కడి ప్రభుత్వం 2020లో నిర్ణయించింది. అయినా గోడల తీరు చూస్తే మనసు చివుక్కుమంటుంది.

కిస్సా ఖ్వానీలో ఓ స్మారకం దగ్గర ఆగండి. 1930 ఏప్రిల్ 23న, ఖాన్ అబ్దుల్ గఫార్‌ఖాన్ అరెస్టుపై నిరసన తెలిపిన నిరాయుధులను బ్రిటిష్ సైన్యం కాల్చింది ఇక్కడే. కాల్చబోమని గఢ్వాల్ సిపాయిలు ఎదురుతిరిగారు. పఠాన్లంటే కత్తి పట్టేవారేననుకునే వాళ్లకు చెప్పాల్సిన కథ ఇది.

రాత్రికి నమక్‌మండీ. వేటమాంసం కడాయికి అక్కడ ఉప్పు, కొవ్వు, టమాటాలే మసాలా. మన నాలుకకు చప్పగా తోచినా రెండో ముద్దకు అలవాటైపోతుంది. చప్లీ కబాబులు ఎక్కువచోట్ల గొడ్డుమాంసంతో చేస్తారు, తిననివారు ముందే అడగాలి. ఆపైన ఏలకులు వేసిన పచ్చ టీ, ఖహ్వా.

ఆడవాళ్లు చున్నీ మరవొద్దు. అడక్కుండా మనుషుల ఫొటోలు తీయొద్దు. శుక్రవారం నమాజు వేళకు దుకాణాలు మూస్తారు.

భయం అక్కర్లేదని మాత్రం చెప్పలేం. 2022 మార్చిలో కిస్సా ఖ్వానీ పక్కనే మసీదులో బాంబు పేలి అరవై మందికి పైగా చనిపోయారు. బయల్దేరే వారంలో పరిస్థితి కనుక్కోవాల్సిందే. ఇక మన పాస్‌పోర్టుతో వెళ్లాలనుకునేవారికి అసలు చిక్కు వీసా. 2025 ఏప్రిల్‌లో రెండు దేశాలూ వీసాలు ఆపి, అట్టారీ దారి మూసేశాయి. వీసాలిచ్చిన రోజుల్లోనూ ఏ ఊరికి వెళ్తామో ఆ పేరే రాసిచ్చేవారు. లాహోర్ వీసాతో పెషావర్ వెళ్లడం కుదిరేది కాదు.